ఫిల్టర్ సంగతి తర్వాత, ముందు తడి ఇసుక మీదికి నడవండి

"సూర్యోదయం వేళ సముద్రాన్ని తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతోంది, సరిచేస్తే ఇసుక బొగ్గులా వస్తోంది. ఏ గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కొనమంటారు?" అని ఒకరు అడిగారు. ఆకాశం వెలుగును తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే గాజు అది. నన్నడిగితే ఏదీ కొనకండి. నిలబడే చోటు మార్చండి.

మాది గుంటూరు. ఓ కార్తీక మాసంలో తెల్లవారుజామున మూడున్నరకు బండి తీసి, పొన్నూరు మీదుగా సూర్యలంక బీచ్ చేరాను. అప్పటికే వేలు పోసి కొన్న ఫిల్టర్ నా దగ్గరుంది. పై సగం నలుపు, కింది సగం మామూలు గాజు. మూడు స్టాపులది, అంటే ఆకాశం వెలుగులో ఎనిమిదో వంతే లోపలికి వస్తుంది. ఒడ్డుకు లాగిపెట్టిన పడవను ముందు పెట్టుకుని తీశాను. ఆకాశం బ్రహ్మాండంగా వచ్చింది. కానీ పడవ కొమ్ము సముద్రపు గీత దాటి పైకి లేచి ఉంది కదా, అంతమేరా మాడిపోయినట్టు నల్లబడింది.

ఈలోగా ఉప్పు తుంపర గాజు మీద పడింది. గుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. అవతల సూర్యుడు వచ్చేస్తున్నాడు, నాకు ఒకటే టెన్షన్. విసుగొచ్చి ఫిల్టర్ పీకి సంచిలో పడేసి, ట్రైపాడ్ ఎత్తుకుని నీళ్లలోకి నడిచాను. అల వెనక్కి పోతోంది. పోయినంత మేరా ఇసుక మీద పల్చటి నీటి పొర, అందులో నారింజ రంగు ఆకాశం. నేల కూడా ఆకాశంలా వెలిగి, రెండింటికీ వెలుగులో తేడా తగ్గింది. అదీ నాలుగైదు సెకన్లే. ఇసుక నీళ్లు పీల్చేసుకుని మళ్లీ మసకబారింది. తర్వాతి అల కోసం ఆగి నొక్కాను: ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్సు రంధ్రం ఎఫ్ 11, షట్టర్ తెరిచి ఉంచింది అర సెకను. ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది.

కెమెరాను మోకాలి ఎత్తుకు దించండి. చూపు ఎంత ఏటవాలుగా పడితే తడి నేల అంత ఎక్కువ వెలుగును తిప్పి పంపుతుంది. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) ఉంటే తీసేయండి, అది సరిగ్గా ఆ ప్రతిబింబాన్నే తినేస్తుంది. ట్రైపాడ్ కాళ్లు ముందే ఇసుకలోకి గట్టిగా దింపండి, లేకపోతే అల వాటి కింద ఇసుక తోడేసి ఫొటో కదిలిపోతుంది. రా ఫైల్లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) తీయండి, ఆకాశం తెల్లబడకుండా వెలుగు కొలత పెట్టుకుని, నేల వెలుగును తర్వాత కంప్యూటర్లో కొంచెం పెంచండి. సూర్యబింబం మాత్రం తెల్లగానే వస్తుంది, దానికోసం కొట్టుకోకండి. అసలు మంచి వెలుగు సూర్యుడు రాకముందు ఇరవై నిమిషాలు. చాలామంది టీ తాగి తీరిగ్గా వచ్చేసరికి అది అయిపోతుంది.

ఒకే దృశ్యాన్ని తక్కువ, మామూలు, ఎక్కువ వెలుగుతో మూడు ఫొటోలు తీసి కలిపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. కొండకైతే సరే. అల ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది, కలిపితే నురగ రెండు వరసలుగా దెయ్యంలా కనిపిస్తుంది. దాన్ని సరిచేస్తూ నేను రాత్రుళ్లు పోగొట్టుకున్నాను.

ప్రతిసారీ సముద్రం దాకా పోలేకపోతే, విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణ ఒడ్డున సాధన చేయండి. నిలిచిన నీళ్లు, ఇదే లెక్క. బీచ్‌లో నన్ను బాగా బాధపెట్టేది తడి ఇసుక మీద బండ్లు నడిపేవాళ్లు. ఆ టైరు గాట్లు పడ్డాక ఎంత మంచి కెమెరా ఉన్నా చేసేదేమీ లేదు. మీరు కూడా ఫ్రేములోకి వచ్చే ఇసుకను తొక్కకుండా పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లండి.