సొంత శైలి నాకు దొరికిన చోటు: పీటల పక్కన, నేల మీద

"మూడేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. రెండు కెమెరాలు మార్చాను, ప్రీసెట్లు కూడా కొన్నాను. అయినా నా ఫొటోలు ఎవరో తీసినట్టే ఉంటున్నాయి. సొంత శైలి రావాలంటే ఏం చేయాలి?" అని అడిగారు.

ప్రీసెట్లు, అంటే ఒక్క నొక్కుతో ఫొటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు, కొన్నాను అన్న మాటలోనే సగం జవాబు ఉంది. ఊరంతా కొనే కొట్లోనే సాంబారు పొడి కొని, మా ఇంటి సాంబారుకు మా రుచి ఎందుకు రాలేదని అడిగినట్టుంది. మిగతా సగం చెప్పాలంటే కాస్త పాత సంగతి ఎత్తుకోవాలి. ఓపిక ఉంటే చదవండి.

నేను పేరున్న ఫొటోగ్రాఫర్‌ని కాను. 1996 నుంచి ఆరేళ్లు తెనాలిలో ఒక స్టూడియోలో సహాయకుడిగా పనిచేశాను. తర్వాత ఇంటి అవసరాల కొద్దీ వేరే ఉద్యోగంలో పడ్డాను. ఇప్పుడు సెలవు రోజుల్లోనే కెమెరా పట్టుకుంటాను. అయినా ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం గట్టిది: మనిషి శైలి అతను కూర్చున్న చోటును బట్టి వస్తుంది. మా పెదనాన్న కూతురి పెళ్లిలో నాకు ఇది అర్థమైంది.

1998 వేసవి. తెనాలికి దగ్గరలోనే ఊరు, రాత్రి రెండు దాటాక ముహూర్తం. మా గురువుగారికే ఫొటోల పని ఇచ్చారు, నేను రెండో కెమెరా. ఆయన నిలబడి ముఖాలు, గ్రూపులు తీస్తారు. పీటల ఎదుట వీడియో అతను, అతని వెనక హాలోజన్ లైటు ఎత్తి పట్టుకున్న కుర్రాడు, పక్కన గురువుగారు. ఇక నాకు మిగిలింది పురోహితుడి మోకాలికీ, కొబ్బరి చిప్పల బుట్టకూ మధ్య జానెడు చోటు. బాసింపట్టు వేసుకుని అక్కడే కూర్చున్నాను. చేతిలో పెంటాక్స్ కె1000, దానికి 50 ఎం.ఎం. లెన్స్. జూమ్ లేదు. వెనక్కి జరుగుదామంటే హోమగుండం. గురువుగారు మూడు ఫిల్మ్ రోల్స్ చేతిలో పెట్టి, "అప్పగింతల దాకా ఇవే, చూసి కొట్టు" అన్నారు. ఒక్కో రోల్‌కు ముప్పయ్యారు ఫొటోలు, మూడు ముప్పయ్యారులు 108. పెళ్లి మొత్తానికి 108 నొక్కులు!

నేల మీద కూర్చుంటే పెళ్లి వేరేగా కనిపిస్తుంది. అడ్డుతెర కింద నుంచి పెళ్లికొడుకు కాలి వేళ్లు కనిపిస్తాయి. జీలకర్ర బెల్లం ముద్ద అరచేతికి అంటుకుని రాకపోతే పెళ్లికూతురు రెండో చేత్తో దాన్ని గీక్కోవడం కనిపిస్తుంది. ముఖాలు మాత్రం ఎంత మెడ సాచినా గడ్డాల దగ్గరే ఆగిపోతాయి. నేను కనిపించినవే తీశాను. అందులో కళ ఏమీ లేదు. నడుము నొప్పి మాత్రం ఉంది.

తెల్లవారుజామున అప్పగింతలు మొదలయ్యేసరికి నా ఫ్లాష్‌లో పెన్సిల్ సెల్స్ చచ్చిపోయాయి. ఎర్ర దీపం వెలగదు. కెమెరా కౌంటర్ 34 మీద ఉంది, ఇక రెండే మిగిలాయి. గురువుగారిని సెల్స్ అడుగుదామంటే మధ్యలో ఏడుస్తున్న జనం. ఇత్తడి పళ్లెంలో పాలు పోశారు. మా అక్క రెండు చేతులూ పాలలో ముంచి, పెదనాన్న వాటిని అత్తగారి చేతుల్లో పెట్టాలి. పెట్టారు. అయితే పెట్టాక ఆయన వేళ్లు అక్క మణికట్టును వదల్లేదు. పెదనాన్న కుడి బొటనవేలి గోరు ఎప్పుడో పలుగు జారి పడి నల్లబడిపోయింది, అది నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన గోరు. ఆ నల్లగోరు పసుపు కంకణం మీద నొక్కుకుని ఉంది. కంకణం దారం పాలకు తడిసి, చివర నుంచి చుక్క చుక్కగా పాలు కారుతున్నాయి. కింద అత్తగారి చేతులు దోసిలి పట్టి ఎదురుచూస్తున్నాయి, ఎడమ చేతిలో రుమాలు ముద్దలా నలిగిపోయి ఉంది. వీడియో లైటు అప్పుడే పక్కకు తిరిగి ఆ చేతుల మీద పడింది. షటర్ సెకనులో ముప్పయ్యో వంతుకు తిప్పి, ఊపిరి బిగబట్టి ఒకటి కొట్టాను. రెండోది కొట్టేలోపు పెదనాన్న చేయి తీసేశారు.

పది రోజులకు ప్రింట్లు వచ్చాయి. ఎండకు పనికొచ్చే ఫిల్మ్ మీద హాలోజన్ వెలుగు పడితే ఏమవుతుందో తెలుసుగా, ఆ ఫొటో మొత్తం పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు వచ్చింది. పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలలేవిరా?" అని అడిగారు. వెటకారం ఏమీ కాదు, నిజంగానే అడిగారు. గురువుగారైతే అందరి ముందూ దులిపేశారు. "మనకు డబ్బులిచ్చేది ముఖాలకా, చేతులకా?" అన్నారు. నా 108లో ఆల్బమ్‌కు ఎక్కినవి పదమూడు.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. ఆల్బమ్‌కు పోగా మిగిలిన ప్రింట్లు, నావీ గురువుగారివీ కలిసిపోయి, చాప మీద కుప్పగా ఉన్నాయి. మా మేనత్త బంధువులకు పంచడానికి వాటిని సర్దుతోంది. ఆవిడ జీవితంలో కెమెరా పట్టుకోలేదు. సర్దుతూ సర్దుతూ, "ఇది నువ్వు తీసిందే కదూ? ఇది ఆయనది. ఇదీ నీదే" అంటూ రెండు దొంతులు చేసేసింది. చూస్తే రెండో మూడో తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేల మీద నుంచి తీసినవే కాదు, విందులో నిలబడి తీసినవి కూడా పట్టేసింది.

"ఎలా తెలిసింది అత్తయ్యా?" అన్నాను.

"ఆయన ఫొటోల్లో అందరూ ఫొటో దిగుతుంటారు. నీ ఫొటోల్లో ఏదో ఒక పనిలో ఉంటారు. తలకాయలు కూడా సరిగ్గా ఉండవు" అంది.

రెండేళ్లుగా తీస్తున్న నాకు తెలియని సంగతి అది. గురువుగారికి కూడా తెలియదు, తెలిస్తే మాన్పించేవారు.

ఆ తర్వాత నేను చేసిన బుద్ధితక్కువ పని కూడా చెప్పాలి. మనకు చేతులు బాగా కుదురుతాయట అని తెలిశాక ఏడాది పాటు చేతుల వెంట పడ్డాను. కర్ర మీద ముసలమ్మ చేతులు, కుండ మీద కుమ్మరి చేతులు, అన్నీ నలుపు తెలుపులో, అన్నీ దగ్గరగా. ఇప్పుడు చూస్తే ఒక్కటి కూడా నాది అనిపించదు. ఏ పోటీకి వెళ్లినా గోడ మీద అలాంటివి పాతిక ఉంటాయి. పెళ్లిలో నాకు వేరే దారి లేక చేతులు వచ్చాయి. ఈసారి నేనే వెళ్లి వెతికి తెచ్చుకున్నాను. ఆ తేడా ఫొటోకు తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందని అడిగితే నా దగ్గర రుజువు లేదు గానీ, తెలుస్తుంది.

నా సొంత గోల మాత్రమే అనుకుంటారేమో, పెద్దవాళ్లను చూడండి. రఘుబీర్ సింగ్ అంబాసడర్ కారులో కూర్చుని తీసిన ఫొటోల వరుస ఒకటి ఉంది. కారు తలుపు, కిటికీ అంచు, పక్క అద్దం ఫొటోను ముక్కలుగా కోస్తాయి, ఒక్కో ముక్కలో ఒక్కో ఇండియా. కూర్చున్న చోటే చట్రమైంది. మన సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ చదివింది రూర్కీలో ఇంజనీరింగ్. మొదట ఇందోర్‌లో ప్రజా పనుల శాఖలో నక్షాలు గీసేవారు. ఆయన తీసిన కోటల్లో, మహళ్లలో గీతలు అంత నిటారుగా ఎందుకుంటాయని నన్నడిగితే, ఆ నక్షాల చేయి ఇంకా ఆరలేదంటాను. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసోన్ ఎక్కువగా 50 ఎం.ఎం. ఒక్కదానితోనే నడిపించాడు. మీ సంచిలో ఎన్ని లెన్సులున్నాయో నాకు తెలియదు, ఒకటి కంటే ఎక్కువే ఉంటాయని మాత్రం పందెం కాస్తాను.

ఇక్కడే ఒక మాట. ఈమధ్య పెళ్లిళ్లకు వెళ్తే నాకు ఫొటోలు తీసేవాళ్లను చూసి కడుపు మండుతోంది. సహజంగా తీస్తామని చెప్పి ఎక్కువ డబ్బులు తీసుకుంటారు. తీరా పెళ్లికూతురిని "ఇటు తిరిగి నవ్వండమ్మా, మేము చూడనట్టే ఉంటాం" అంటారు. తలంబ్రాలు మూడుసార్లు పోయిస్తారు. మొన్న ఒక పెళ్లిలో డ్రోన్ గాలికి పురోహితుడి ముందున్న అక్షింతలు, తమలపాకులు ఎగిరిపోయాయి. ఇంత చేసి, చివరికి ప్రతి ఫొటోనూ అదే నారింజ రంగు, అదే నీలి నీడలోకి ముంచుతారు. భీమవరంలో పెళ్లి అయినా, వరంగల్‌లో పెళ్లి అయినా పచ్చటి అరటాకు ఎండిన మోదుగాకులా కనిపిస్తుంది. మూలన ఫొటోగ్రాఫర్ పేరు, వంకర అక్షరాల్లో, పెళ్లికూతురి ముక్కుపుడక కంటే పెద్దగా. పేరు రాస్తేనే గానీ ఎవరు తీశారో తెలియనప్పుడు ఇక శైలి గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

సరే, మీ ప్రశ్నకు వస్తాను. చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. గత ఏడాదిలో తీసిన వాటిలోంచి ఒక రెండు వందలు, రంగులు దిద్దకముందువి, మామూలు పోస్టుకార్డు సైజులో ప్రింట్ వేయించండి. ఫోనులో చూస్తే లాభం లేదు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది, చాప మీద అన్నీ ఒకేసారి వస్తాయి, అలవాట్లు అలాగే బయటపడతాయి. వాటిలో మీ స్నేహితులు తీసినవి కూడా కొన్ని కలపండి. తర్వాత ఫొటోగ్రఫీ అంటే ఏమిటో తెలియని మనిషిని, అమ్మనో అత్తయ్యనో కూర్చోబెట్టి సర్దమనండి. ఫొటోలు తీసే స్నేహితుడిని మాత్రం పిలవకండి, వాడు ఫొటోను మూడు భాగాలుగా ఊహించుకుని తీయాలనే మూడింట ఒక వంతు సూత్రం గురించి మాట్లాడి మీ సాయంత్రం పాడుచేస్తాడు. సర్దేవాళ్లు మీ మీద ఫిర్యాదు చేస్తారు చూడండి, "నీ ఫొటోల్లో సగం ఖాళీగా ఉంటుందేమిటి", "ఎప్పుడూ వెనక నుంచే తీస్తావెందుకు" అని, అది రాసిపెట్టుకోండి. వెంటనే దిద్దుకోవద్దు. ఎందుకు అలా తీస్తున్నారో వెతకండి. మొహమాటం వల్ల వెనక నుంచి తీస్తున్నారా, పొట్టిగా ఉండటం వల్లా, సాయంత్రం ఆఫీసు అయ్యాకే తీరిక దొరుకుతుంది కాబట్టి అన్నీ చీకట్లోనే తీస్తున్నారా? ఆ కారణం నిజమైనదైతే దాని మీదే ఒక ఏడాది, ఒక్క లెన్స్‌తో పనిచేయండి. జూమ్ లెన్స్ ఎవరికైనా అరువిచ్చేయండి, తిరిగి రాకపోయినా నష్టం లేదు.

అందరికీ ఇలాగే కుదురుతుందా అని వ్యాఖ్యల్లో ఎవరో అడుగుతారు. ప్రింట్ వేయని వాళ్లకు మాత్రం కుదరదు. ఈ విషయంలో నాతో వాదించి లాభం లేదు.

పెదనాన్న ఇప్పుడు లేరు. నిరుడు అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు పాత ఆల్బమ్ తీశారు. గురువుగారి గ్రూపు ఫొటోలు అట్టకు అతుక్కుపోయి, విడదీస్తే రంగు ఊడివస్తోంది. ఆ పాల ఫొటో ఆల్బమ్‌లో లేదు. అడిగితే అక్క బీరువాలోంచి తెచ్చింది, నగల పెట్టెలో అడుగున పెట్టుకుందట. పసుపు ఇంకా ముదిరింది. నల్లగోరు మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ దాన్ని చూసి, "తలలేవి?" అంది.

మీ ఫొటోలు ఒక ముప్పై ఇక్కడే జవాబు కింద పెట్టండి, నా చేతనైనంత చూసి చెబుతాను. ప్రీసెట్లు తీసేసి పెట్టండి. మూలన పేరు ఉన్నవి మాత్రం తెరవను.