భిన్నాల కూడికలో తప్పులు: చర్యాత్మక పరిశోధనను ఇలా వాడుకోవచ్చు

మాస్టారూ,

విశాఖలో గాజువాక వైపు ఏడో తరగతికి గణితం చెబుతున్నాననీ, ఎన్నిసార్లు వివరించినా సగం మంది పిల్లలు భిన్నాల కూడికలో తప్పుతూనే ఉన్నారనీ, బీఈడీలో చేసిన చర్యాత్మక పరిశోధన (ఉపాధ్యాయుడు తన తరగతి సమస్యను తానే పరిశీలించి, ఒక మార్పు చేసి, ఫలితం చూసుకునే పద్ధతి) ఇక్కడ ఎలా పనికొస్తుందో తెలియడం లేదనీ రాశారు. రికార్డు నింపడానికి చేసిన పరిశోధన ఎవరికైనా అలాగే మిగులుతుంది.

ముందుగా ప్రశ్నను చిన్నది చేయండి. ‘పిల్లలు లెక్కల్లో ఎందుకు వెనుకబడ్డారు’ అన్నది ఒక్క ఉపాధ్యాయుడికి అందే ప్రశ్న కాదు. ‘1/2 + 1/3 అంటే 2/5 అని ఎవరెవరు రాస్తున్నారు, ఎందుకు’ అన్నది అందుతుంది. ఐదు లెక్కలు ఇచ్చి, మార్కులు వేయకుండా తప్పులను రకాలవారీగా రాసుకొని, నలుగురైదుగురిని విడిగా కూర్చోబెట్టి ఎలా చేశారో వారి మాటల్లోనే చెప్పించండి. లవానికి లవం, హారానికి హారం కలిపేస్తున్నారని తేలితే, 2/5 సగం కంటే తక్కువ కదా, సగానికి మరికొంత కలిపితే తగ్గడమేమిటని వారినే అడిగి, కాగితపు పట్టీలతో కొలిపించండి. రెండు వారాల తరవాత అదే స్థాయి లెక్కలు మళ్లీ ఇచ్చి, పాత నమోదుతో పోల్చండి. ప్రణాళిక, ఆచరణ, ఫలిత పరిశీలన, మళ్లీ ప్రణాళిక అంటూ 1946లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ వివరించిన క్రమం ఇదే.

ఒకేసారి రెండు మార్పులు మాత్రం చేయకండి; ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.