ప్రజాస్వామ్యం వచ్చాక పాత రోజులే నయమనిపించిందా?

ప్రశ్న: కమ్యూనిస్టు పాలన పోయి ఓటు హక్కుకి విలువ వచ్చిందంటే ఆడవాళ్లకి మేలే జరగాలి కదా! మరి తూర్పు యూరప్‌లో చాలామంది మహిళలు పాత రోజులే నయమని ఎందుకంటున్నారు?

జవాబు: ఎందుకంటారో పోలండ్‌ని చూస్తే తెలుస్తుంది. 1980 ఆగస్టులో గ్డాన్స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె మొదలైందే క్రేన్ నడిపే అన్నా వలెంటినోవిచ్‌ని ఉద్యోగంలోంచి తీసేసినందుకు. రెండ్రోజుల్లో యాజమాన్యం దిగొచ్చింది, పనైపోయిందని అందరూ ఇళ్లకి బయల్దేరుతుంటే నర్సు అలీనా పియెంకోవ్‌స్కా గేటు దగ్గర అడ్డంపడి, మనకి మద్దతుగా సమ్మెలో దిగిన చిన్న ఫ్యాక్టరీల వాళ్ల గతేంటని నిలదీసి ఆపింది. ప్రభుత్వాన్ని ఎదిరించిన స్వతంత్ర కార్మిక సంఘం సాలిడారిటీ పుట్టింది ఆ సమ్మెలోంచే. తీరా 1989లో ఆ సంఘం కమ్యూనిస్టు ప్రభుత్వంతో చర్చలకి కూర్చునేసరికి బల్ల చుట్టూ దాదాపు అందరూ మగవాళ్లే! 1956 నుంచి ఉన్న గర్భస్రావం హక్కుని 1993లో చాలావరకు లాగేసుకుంది కూడా జనం ఎన్నుకున్న పార్లమెంటే. అప్పటి ప్రధాని హన్నా సుహోత్స్కా, ఆవిడా మహిళే మరి.

అలాగని పాతకాలం బంగారమా అంటే, రొమేనియా వాళ్లనడగండి. 1966లో అక్కడి కమ్యూనిస్టు పాలకుడు చౌషెస్కు గర్భస్రావాన్ని నిషేధిస్తే దొంగచాటు అబార్షన్లలో వేలమంది ప్రాణాలు పోయాయి. 1989 డిసెంబరులో ఆయన కూలిన వెంటనే ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

ఇక పదవులంటారా, సోవియట్ పార్లమెంటులో కోటా పుణ్యమా అని మూడోవంతు ఆడవాళ్లే ఉండేవాళ్లు, కానీ అక్కడ చెయ్యెత్తడం తప్ప పనేముంది? అసలు నిర్ణయాలన్నీ పార్టీ అగ్రనేతల చిన్న బృందమైన పొలిట్‌బ్యూరోవి, అందులోంచి 1961లో ఫుర్త్సేవా అనే నాయకురాలిని తప్పించాక పాతికేళ్లకి పైగా ఒక్క మహిళ లేదు. 1989 ఎన్నికల్లో నిజమైన పోటీ పెట్టేసరికి పార్లమెంటులో వాళ్ల వాటా సగానికి పడిపోయింది.

మామూలు ఇల్లాలికి తగిలిన దెబ్బ ఇంకోటి. రష్యాలో చాలాచోట్ల పిల్లల క్రెష్‌ని కూడా ఫ్యాక్టరీయే నడిపేది. 1990ల్లో ఫ్యాక్టరీలు దివాలా తీస్తే ఉద్యోగమూ, పిల్లాణ్ణి వదిలే చోటూ ఒకేసారి పోయాయి, ఇంక కొత్త పని వెతుక్కోవడానికి ఎలా వెళ్తుంది చెప్పండి? వాళ్లు తలుచుకుంటున్నది ఎక్కువగా ఇలాంటివే, పార్టీని తలుచుకునేవాళ్లు తక్కువ.

అయితే ప్రజాస్వామ్యంలో ఒకటుంది, ఎదురుతిరిగే వీలు. 2020లో పోలండ్ రాజ్యాంగ ట్రిబ్యునల్ గర్భస్రావం నిబంధనల్ని ఇంకా బిగిస్తే, కరోనా రోజులని కూడా చూడకుండా లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. అప్పటి పోలండ్ ప్రభుత్వం 2023లో అధికారం కోల్పోయింది, చట్టం మాత్రం వెంటనే మారలేదు.