ఎన్నారై సందేహాలు: గోల్డ్‌స్ట్రైక్ లోయకు ఒక్కడినే వెళ్లొచ్చా?

ప్రశ్న: అన్నా, ఆగస్టులో ఉద్యోగం మీద లాస్ వేగాస్ వచ్చాను. హూవర్ డ్యామ్ దగ్గర గోల్డ్‌స్ట్రైక్ వేడినీటి ఊటల వీడియోలు చూసినప్పట్నుంచీ వెళ్లాలని ఉంది. రూమ్మేట్లకు హైకింగ్ అంటే పడదు. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి నాలుగు రోజులు సెలవు వస్తోంది కాబట్టి ఒక్కడినే వెళ్దామనుకుంటున్నాను. ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి, ఎలాంటి బూట్లు వేసుకోవాలి, ఎన్నింటికి బయల్దేరాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వడిగిన మూడింటికీ జవాబు ఒక్క లైనులో అయిపోతుంది. మనిషికి ఒక గాలన్ (దాదాపు 3.8 లీటర్లు) నీళ్లు, తడిరాయి మీద పట్టు ఇచ్చే బూట్లు (కొత్తవైతే రెండు వారాలు ముందే వేసుకుని తిరుగు), తెల్లవారగానే బయల్దేరడం. ఉత్తరం అక్కడితో ముగించలేకపోవడానికి కారణం మధ్యలో నువ్వు రాసిన ‘ఒక్కడినే’ అన్న మాట.

2011లో నేనూ సరిగ్గా థాంక్స్‌గివింగ్ రోజునే ఆ లోయలోకి ఒక్కణ్నే దిగాను. అప్పటికి ఈ దేశం వచ్చి అయిదు నెలలు. రూమ్మేట్ కాలిఫోర్నియాలో వాళ్ల అక్కగారింటికి వెళ్లాడు. ఆఫీసు బుధవారం మధ్యాహ్నానికే ఖాళీ అయిపోయింది. ఆ గురువారం అపార్ట్‌మెంట్లలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు ఈ ఏడాది తెలుస్తుంది. కుటుంబాలున్నవాళ్లు కుటుంబాల దగ్గరికి వెళ్లిపోతారు. పార్కింగ్‌లో నా కారు కాక ఇంకో రెండు ఉన్నాయి. పొద్దున్నంతా గదిలో కూర్చుని కూర్చుని, పదకొండింటికి ఇక ఉండబట్టలేక తాళాలు తీసుకున్నాను. ఎక్కడికి వెళ్తున్నానో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారులే అనుకున్నాను. ఆ రోజు చేసిన తప్పులన్నిటికీ మూలం ఆ ఆలోచనే.

రాయలసీమలో పెరిగినవాణ్ని కాబట్టి ఎండ గురించి, బండల గురించి నాకొకరు చెప్పేదేమిటన్న ధీమా ఉండేది. నవంబరులో అక్కడ ఎండ హాయిగానే ఉంటుంది. గాలి మాత్రం మన ఊళ్ల గాలి కాదు, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియదు. నా దగ్గర లీటరు సీసా ఒక్కటే ఉంది. కాళ్లకు రోజూ ఆఫీసుకు వేసుకెళ్లే బూట్లు. లైటంటే ఫోన్‌లో ఉన్నదే.

ట్రెయిల్ మొదట్లో మామూలు గులకరాళ్ల వంకలా ఉంటుంది. పోనుపోను గోడలు దగ్గరపడతాయి, అడ్డంగా పెద్ద పెద్ద బండలు వస్తాయి. పలుచోట్ల తాళ్లు కట్టి ఉంటాయి. వాటిని పట్టుకుని, బండకు ఆనుకుని దిగాలి. రానూపోనూ అయిదారు మైళ్లేగా అని వీడియో చూసినవాళ్లు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆ మైళ్లను పార్కులో నడిచే మైళ్లతో పోల్చకు. ఒక్కో బండ దగ్గర పది నిమిషాలు పడుతుంది. పైగా పోయేటప్పుడు దిగుడు, ఒళ్లు అలిసిపోయాక ఎక్కుడు.

ఊటల దగ్గరికి చేరేసరికి మూడు కావస్తోంది. ఆ చోటు ఎంత బాగుంటుందో దాచను. వాన నీరు నేల పగుళ్లలోంచి లోతుకు ఇంకి, అక్కడి వేడికి కాగి, మళ్లీ ఆ గోడల సందుల్లోంచి కారుతూ వస్తుంది. రాయి మీద పచ్చగా, ఎర్రగా పాచి చారలు. మెడ దాకా వేడినీళ్లలో కూర్చుంటే అయిదు నెలల బెంగ అంతా కరిగిపోయినట్టనిపించింది. అలా ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు. పక్కన ఇంకొకరుంటే ‘ఇక లేద్దామా’ అనేవారు. నవంబరు చివర్లో అక్కడ నాలుగున్నరకల్లా పొద్దు గూకుతుంది. లోయ అడుగున అంతకంటే ముందే చీకటి.

తిరుగు దారిలో రెండో తాడు దగ్గర తడి బూటు జారి చీలమండ మెలిక పడింది. వేడినీళ్లలో చాలాసేపు కూర్చుంటే లేవగానే తల తిరుగుతుందని, ఒంట్లో నీళ్లు కూడా తగ్గుతాయని అప్పుడు నాకు తెలియదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పార్కింగ్ దాటి లోపలికి పోతే ఇప్పటికీ ఉండదనే అనుకో. ఈ మధ్య కొన్ని ఫోన్లలో శాటిలైట్ ద్వారా సాయం కోరే సౌకర్యం వచ్చింది. ఐఫోన్ 14 నుంచి ఉంది. అది పనిచేయాలంటే తలమీద ఆకాశం విశాలంగా కనిపించాలి. ఆ గోడల మధ్య కనిపించేది సన్నటి చీలిక.

ఆ బండ మీద కూర్చుని నేను లెక్కపెట్టుకున్నది రోజులు. అమ్మతో మాట్లాడేది శనివారం. ఎత్తకపోతే సెలవులు కదా, స్నేహితులతో ఎక్కడికో వెళ్లుంటాడు అనుకుంటుంది. రూమ్మేట్ వచ్చేది ఆదివారం రాత్రి. నా గది తలుపు వేసి ఉంటే నిద్రపోతున్నాడనుకుంటాడు. సోమవారం పదింటికి మీటింగులో లేకపోతే అప్పుడు మేనేజర్ అడుగుతాడు. గురువారం సాయంత్రం నుంచి సోమవారం పది దాకా నేను లేనన్న సంగతి ఈ భూమ్మీద ఒక్కరికీ తెలియదు. కాలి నొప్పి ఎప్పుడో మరిచిపోయాను తమ్ముడూ, ఆ లెక్క మాత్రం మరిచిపోలేదు.

నా అదృష్టం, లోయ చివరనున్న కొలరాడో నది ఒడ్డు దాకా వెళ్లిన ఒక పెద్దవయసు దంపతులు హెడ్‌ల్యాంపులు పెట్టుకుని పైకి వస్తున్నారు. ఆయన నా సంచీ భుజాన వేసుకున్నాడు, ఆవిడ ప్రతి బండ దగ్గరా పాదం ఎక్కడ పెట్టాలో లైటు వేసి చూపించింది. కారు దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటింది. ‘ఇంట్లో కంగారుపడుతుంటారు, ఫోన్ చెయ్యి’ అందావిడ. చేసేందుకు నాకు నంబర్ లేదు.

అందుకే నువ్వు బూట్లు కొనేముందు నీకోసం ఎదురుచూసే మనిషిని ఒకణ్ని ఏర్పాటు చేసుకో. అమ్మానాన్నలు ఇందుకు పనికిరారు. ఇండియా నుంచి ఇక్కడి అత్యవసర నంబరు 911 కొడితే ఇక్కడికి కలవదు, వాళ్లకు మిగిలేది కంగారే. హైకింగ్ పడని నీ రూమ్మేటైనా సరిపోతాడు, పక్క ఫ్లాటు వాళ్లైనా సరే. ట్రెయిల్ పేరు, కారు నంబరు, కారు ఎక్కడ పెడుతున్నావో, ఎంతమంది వెళ్తున్నారో, ఎన్నింటికి పైకి వచ్చి మెసేజ్ పెడతావో, ఎన్నింటిదాకా పెట్టకపోతే 911 చెయ్యాలో రాసివ్వు. నోటితో చెప్తే మరిచిపోతారు. టైమ్ రాసేటప్పుడు ‘నెవాడా టైమ్’ అని కూడా రాయి. నదికి అవతల ఆరిజోనా, చలికాలంలో అక్కడి గడియారం మనకంటే గంట ముందుంటుంది. ఆ చుట్టుపక్కల ఫోన్ అవతలి టవర్‌ని పట్టుకుంటే దానంతటదే గంట ముందుకు జరిగిపోతుంది. ఈ గందరగోళంలో ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని ఒకసారి గంటసేపు గాభరా పెట్టారు.

ఇక తోడు సంగతి. ఎవరూ లేరని నువ్వంటావు. నేనూ అన్నాను. నిజానికి నేను అడగలేదు. కాలు నయమయ్యాక ఆఫీసులో పక్క సీటతణ్ని అడిగితే, ఎవరైనా పిలుస్తారేమోనని ఆర్నెల్లుగా చూస్తున్నానన్నాడు. మొదటిసారే ఎవరినీ గోల్డ్‌స్ట్రైక్‌కి పిలవకు. హూవర్ డ్యామ్ వెనకున్న లేక్ మీడ్ సరస్సు దగ్గర పాత రైల్‌రోడ్ ట్రెయిల్ ఉంది. డ్యామ్ కట్టేటప్పుడు సామాన్లు మోసిన రైలుమార్గమది, అయిదు సొరంగాలున్నాయి, దారంతా చదును. అక్కడ ఒక ఉదయం నడిస్తే ఎవరెలాంటివాళ్లో తెలిసిపోతుంది. వెనకబడినవాడి కోసం ఆగేవాడెవడు, నీళ్లు తెచ్చుకోకుండా పక్కవాడి సీసా అడిగేవాడెవడు అన్నీ బయటపడతాయి. ముఖం కూడా చూడని పన్నెండుమంది గుంపుతో దిగడం ఒంటరిగా దిగడం లాంటిదే. మొదటి తాడు దగ్గరికల్లా గుంపు చెల్లాచెదురవుతుంది, వెనకబడ్డవాడి సంగతి ఎవరూ పట్టించుకోరు. ముగ్గురో నలుగురో చాలు. ఒకరు జారితే ఒకరు దగ్గరుండొచ్చు, మిగతావాళ్లు పైకెళ్లి సాయం తెస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గోల్డ్‌స్ట్రైక్ ట్రెయిల్ మే 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఎండల వల్ల మూసేస్తారు. నదికి అవతలి ఆరిజోనా హాట్ స్ప్రింగ్‌కీ అంతే. అక్కడ ఇరవై అడుగుల నిచ్చెన ఎక్కాలి. మిగతా నిబంధనలు పార్క్ సర్వీస్ వాళ్ల సైట్లో ఉంటాయి, బయల్దేరే రోజు పొద్దున మళ్లీ చూసుకో. సీమవాడికి వంక సంగతి చెప్పక్కర్లేదు కానీ నువ్వు ఏ ప్రాంతంవాడివో నాకు తెలియదు. ఎక్కడో పైన వాన పడితే ఇక్కడ నెత్తిన ఎండ కాస్తుండగానే వరద వచ్చేస్తుంది. చుట్టుపక్కల ఎక్కడ వాన సూచన ఉన్నా ఆ రోజు మానుకో. తాళ్లు ఎవరో కట్టి వదిలినవి, ఎండకు చీకి ఉండొచ్చు. ఒళ్లంతా వేలాడదీసే ముందు లాగి చూడు, కాళ్ల మీదే బరువుంచు.

ఊట నీళ్లలో తల ముంచకు, ముక్కులోకి నీళ్లు పోనివ్వకు. ఉప్పులేని వేడినీళ్లలో బతికే నెగ్లీరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరుతుంది. అరుదే, కానీ సోకితే బతికినవాళ్లు చాలా తక్కువ. లోయ చివర కొలరాడో నది కనిపించగానే దూకాలనిపిస్తుంది. ఆ నీళ్లు డ్యామ్ వెనక సరస్సు లోతుల్లోంచి వస్తాయి, ఏడాది పొడుగునా 55 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 13 సెల్సియస్) దరిదాపుల్లోనే ఉంటాయి. వేడినీళ్లలోంచి లేచి అందులో దూకితే ఊపిరి పట్టేస్తుంది. డ్యామ్ నుంచి నీళ్లు వదిలేకొద్దీ మట్టమూ మారుతుంది, ఒడ్డున సంచీ పెట్టి మరిచిపోకు.

ఆ లోయలోకి ఇప్పటికి పదకొండుసార్లు దిగాను. మా ఆవిణ్ని, ఇద్దరు బావమరుదుల్ని, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల్ని తీసుకెళ్లాను. ఆ మొదటిసారి తప్ప ఒక్కసారీ ఒంటరిగా దిగలేదు.

థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మేం నలుగురం వెళ్తున్నాం. నువ్వొస్తే అయిదుగురం. దానికి ముందు ఆదివారం రైల్‌రోడ్ ట్రెయిల్‌లో మాతో ఒకసారి నడవాలి, ఎవరినైనా అలా చూడకుండా కిందికి తీసుకెళ్లను. శనివారం ఉదయం ఏడింటికి, నెవాడా టైమ్, గోల్డ్‌స్ట్రైక్ ట్రెయిల్ పార్కింగ్‌లో ఉంటాం. హెడ్‌ల్యాంప్ తెచ్చుకో, బ్యాటరీలు కొత్తవి వేసుకో. గురువారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా. ఆ రోజు గదిలో ఒక్కడివే ఉండకు.