ఫైవ్ స్టార్ ఏసీ పెట్టినా బిల్లు తగ్గకపోతే

ఫైవ్ స్టార్ ఏసీ పెట్టినా కరెంటు బిల్లు ఎందుకు తగ్గలేదని అడిగారు. లోపం ఏసీది కాదండి, స్లాబ్‌ది. విజయవాడ సత్యనారాయణపురంలో పై అంతస్తులో ఉంటామన్నారుగా, పగలంతా తాగిన ఎండను స్లాబ్ రాత్రంతా గదిలోకి వదులుతుంది.

1. డాబాపై ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించండి.

2. చాలామంది వదిలేసేది పెయింట్‌కు ముందు చేయాల్సిన పని. పాచి, పాత సున్నం వైరు బ్రష్‌తో గీకించి, కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. అరచేత్తో రుద్దితే తెల్లపొడి అంటుతోందా? ఇంకా గీకాలి. లేకపోతే మొదటి వానలకే పూత పెచ్చులుగా లేస్తుంది. పగుళ్లూ అప్పుడే పూడ్పించండి.

3. ఏసీ 24 డిగ్రీల్లో పెట్టి, ఫ్యాన్‌తో కలిపి వాడండి.

4. సోలార్ ఆ తర్వాతే. వాడకం తగ్గాక చిన్న సిస్టమ్ చాలు. ఆదా అయ్యే ప్రతి యూనిట్‌తో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉన్నలాంటి థర్మల్ విద్యుత్ ప్లాంట్లలో కాలే బొగ్గూ తగ్గుతుంది.