వెండి నీళ్ళు తాగవచ్చా?

ప్రశ్న: కాలిన గాయాలకు రాసే తెల్లని మలాములో వెండి ఉంటుందట. అలాంటప్పుడు సీసాల్లో అమ్మే కొల్లాయిడల్ సిల్వర్ (అతి సన్నని వెండి రేణువులు తేలుతుండే నీరు) ద్రావణాన్ని రోజూ తాగితే ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఉంటాయా? బంగారానికీ ఈ గుణం ఉందా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: దయచేసి తాగకండి. ఆ ద్రావణం తాగితే ఏ జబ్బైనా నయమవుతుందనడానికి ఆధారం లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే అటువంటి మందులను సురక్షితమైనవిగా, గుణమిచ్చేవిగా గుర్తించలేమని ప్రకటించింది. దీర్ఘకాలం తాగినవారి చర్మంలో వెండి పేరుకుపోయి, ముఖం, గోళ్ళు నీలిబూడిద రంగుకు మారతాయి. ఆర్జీరియా అనే ఈ మార్పు తాగడం మానేసినా పోదు. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్‌ను, కొన్ని యాంటీబయాటిక్‌లను శరీరం సరిగా గ్రహించకుండా కూడా వెండి అడ్డుపడగలదు.

మలాము సంగతి వేరు. అందులో ఉన్నది 1 శాతం సిల్వర్ సల్ఫాడయాజిన్, అంటే వెండీ ఒక సల్ఫా మందూ కలిసిన సమ్మేళనం. దాని నుంచి విడుదలయ్యే వెండి అయాన్లు (విద్యుదావేశమున్న వెండి పరమాణువులు) బాక్టీరియా ప్రోటీన్లలో గంధకం ఉన్న భాగాలకు అతుక్కుని, కణత్వచాన్ని దెబ్బతీసి, ఎంజైములను పనిచేయనివ్వవు. అయితే గంధకం గల ప్రోటీన్లు మన కణాల్లోనూ ఉన్నాయి కనుక, గాయం పూడ్చడానికి పుట్టే కొత్త కణాలకూ ఆ అయాన్ల దెబ్బ తగులుతుంది. అందుకే పైపై కాలిన గాయాలకు ఈ మలామును ఇప్పుడు మునుపటంత విరివిగా వాడడం లేదు. సల్ఫా మందులు పడనివారికి, రెండు నెలలలోపు పసికందులకు దీన్ని రాయకూడదు. క్రిములు వెండికి ఎప్పటికీ లొంగే ఉంటాయన్న నమ్మకం కూడా నిలవలేదు: వెండిని తట్టుకునే సాల్మొనెల్లా 1975లోనే అమెరికాలో ఒక ఆసుపత్రి కాలిన గాయాల విభాగంలో బయటపడింది.

బంగారు సమ్మేళనాలకూ క్రిములను అణచే గుణం ఉంది. గోల్డ్ సయనైడ్ క్షయ బాక్టీరియా పెరుగుదలను పరీక్షనాళికలో ఆపుతుందని రాబర్ట్ కాఖ్ 1890లో తెలిపినా, జంతువుల్లో అది పనిచేయలేదు. ఈనాటి ఆశ ఆరనోఫిన్ అనే బంగారు సమ్మేళనం మీద ఉంది. కీళ్ళవాతానికి 1985లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర, క్రిముల్లోని థయోరెడాక్సిన్ రిడక్టేజ్ అనే ఎంజైమును అడ్డుకుని, మందులకు లొంగని స్టెఫైలోకాకస్ వంటి గ్రామ్ పాజిటివ్ (అదనపు బయటి పొర లేని) క్రిములను ప్రయోగశాలలో బాగా చంపుతోంది; గ్రామ్ నెగటివ్ క్రిముల బయటి పొరను మాత్రం అంతగా దాటలేదు. విరేచనాలు, చర్మంపై దద్దుర్లు, మూత్రంలో ప్రోటీన్ పోవడం, రక్తకణాలు తగ్గడం దీని దుష్ఫలితాలు కనుక, వాడేవారికి రక్త, మూత్ర పరీక్షలు తరచూ జరగాలి.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే వెండి ద్రావణం తాగుతుంటే వెంటనే మానిపించి, ఆ సీసాను డాక్టరుకు చూపించండి.