బగ్ పోయింది, పాత సలహా పోలేదు

సాఫ్ట్‌వేర్‌లో బగ్ (తప్పు) సరిచేసిన రోజే మాన్యువల్ కూడా మార్చాలా, తర్వాతి వెర్షన్ విడుదలప్పుడు చూసుకోవచ్చా, మాది ముగ్గురే ఉన్న బృందం అని అడిగారు. ఆ రోజే మార్చండి. ముందుగా మార్చవలసింది, బగ్ ఉన్నన్నాళ్లూ వినియోగదారులకు మీరు చెప్పిన తాత్కాలిక ఉపాయాన్ని. ఆ పని చేయక నేనొక రైతు ముందు తల దించుకోవలసి వచ్చింది.

నెల్లూరులో రొయ్యలు కొనే వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న సంస్థలో పనిచేస్తాను. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, గట్టు మీద నాలుగేసి క్రేట్లు కాటాకెక్కించి తూస్తారు. ఖాళీ క్రేటు బరువు 2 కిలోలు. దాన్ని ప్రోగ్రామే తీసేయాలి. మాది మొదటి తూకానికి తీసేసి, రెండో తూకం నుంచి మరిచిపోయేది. నష్టం కొనేవారిది కనుక ఫోన్లు మోగిపోయాయి. సరిచేసేలోపు మాన్యువల్లో ఒక వాక్యం చేర్చాం: "రెండో తూకం నుంచి క్రేట్ల బరువు మీరే తీసేసి నమోదు చేయండి."

పది రోజుల్లో బగ్ సరిచేశాం. కోడులో మారినవి రెండే పంక్తులు. మాన్యువల్ జోలికి ఎవరూ పోలేదు.

తర్వాత ఇందుకూరుపేట వైపు ఒక చెరువులో 60 క్రేట్ల పట్టుబడి, అంటే 15 తూకాలు. గుమాస్తా మాన్యువల్లో ఉన్నట్టే 14 తూకాలకు క్రేట్ల బరువు తీసేసి నమోదు చేశాడు. ప్రోగ్రాం మళ్లీ తీసేసింది. 56 క్రేట్లకు 112 కిలోలు గల్లంతు. కిలో 300 చొప్పున 33,600 రూపాయలు. ఆ రైతు ప్రతి తూకమూ తన నోటుపుస్తకంలో రాసుకున్నారు కాబట్టి బయటపడింది. "మీ మిషనూ ఒప్పే, మీ మనిషీ ఒప్పే, మరి నా రొయ్యలు ఏమైనట్టు నాయనా?" అన్నారు. వ్యాపారి చేత ఆ డబ్బు ఇప్పించాం. అంతకు ముందు ఎన్ని బిల్లుల్లో ఇలా జరిగిందో తవ్వి తీయడానికి మాత్రం వారం పట్టింది. ఈసారి నష్టం రైతులది, వాళ్ల దగ్గర మా నంబరు లేదు. ఫిర్యాదులు ఆగిపోయాయి కదా అని మేము నిశ్చింతగా కూర్చున్నాం.

వెతికితే ఆ వాక్యం మాన్యువల్లోనే కాదు, కాటా పక్కన అంటించిన కాగితంలోనూ, వాట్సాప్‌లో తిరిగే ఫోటోలోనూ ఉంది. ఫోనులో సహాయం చేసే మా ఆఫీసు అమ్మాయి కూడా అదే చెబుతోంది, పాపం తన తప్పేమీ లేదు.

అప్పటి నుంచి తాత్కాలిక ఉపాయం ఎక్కడ రాసినా పక్కనే బగ్ నంబరు వేస్తున్నాం. బగ్ మూసేటప్పుడు ఆ నంబరుతో వెతికితే అన్నీ దొరుకుతాయి. కాటా పక్కన అంటించిన కాగితాన్ని అలా వెతకలేం కనుక, ఎవరెవరికి ఇచ్చామో జాబితా ఆ బగ్ కిందే రాస్తాం. మాన్యువల్‌ను కోడుతోపాటే గిట్‌లో (కోడులో ప్రతి మార్పునూ నమోదు చేసే పనిముట్టు) పెట్టాం. కోడు సవరణా, మాన్యువల్ వాక్యమూ ఒకే కమిట్‌లో, అంటే ఒకే నమోదులో వెళ్లాలి. మాన్యువల్ మారనిదే బగ్ మూయకూడదని కూడా పెట్టుకున్నాం. దీని మీద మా వాళ్లు సణిగారు, ఇప్పటికీ సణుగుతారు.

ఒక జాగ్రత్త: పాత వాక్యాన్ని పూర్తిగా చెరిపేయకండి. పాత వెర్షన్ వాడేవాళ్లకు అది ఇంకా అవసరమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ చూడండి, ఫలానా వెర్షన్‌లో ఇది మారింది అని అక్కడికక్కడే చిన్న గమనిక ఉంటుంది. మేమూ అలాగే "వెర్షన్ 2.3 వరకు మీరే తీసేయండి, 2.4 నుంచి తీసేయవద్దు" అని రాశాం. ఆ "తీసేయవద్దు" తప్పనిసరి. ఊరికే "సమస్య పరిష్కరించాం" అంటే చేతికి అలవాటైన పని ఆగదు.

ముగ్గురిలో ఎవరు రాయాలి అంటారా, బగ్ సరిచేసినవారే రాయాలి. ఫోన్లు ఎత్తేవారు చదివి, అందులో ఉన్నట్టే ఒక బిల్లు చేసి చూడాలి.